గంపెడు తాలు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లోవాళ్ళు అంటారు. అది అబద్ధం. ఎక్కువేం కాదు, కాస్త త్వరగా వస్తుంది, అంతే. పోవడం కూడా త్వరగానే పోతుంది గాని, ఆ సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

నేను ప్రోగ్రాములు రాస్తాను. మంగళగిరిలో ఒక మగ్గం చీరల కొట్టు పైన మా ఆఫీసు. కింద కొత్త చీరల గంజి వాసన మెట్లెక్కి మా గదిలోకి వస్తుంది. పైన మేం నలుగురం, మా సారుతో కలిపి. ఆయన మిషన్లు తయారు చేస్తారు. ఇనుప పనంతా బయట చేయించి, దానికి బుర్ర మాత్రం మా చేత పెట్టిస్తారు. ఆ ఏడాది ఆయన పట్టుకున్నది ఎండు మిరపకాయల్ని రంగు చూసి ఏరే మిషన్. ఎర్రటి కాయ ముందుకి పోవాలి, రంగు పోయి తెల్లబడిన కాయ పక్కకి పోవాలి. తెల్లబడిన కాయని మా వైపు తాలు అంటాం. టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, తాలు ఎంత తక్కువుంటే సరుక్కి అంత మర్యాద.

మిషన్ చేసే పని చెప్పడానికి చాలా తేలిక. పైనుంచి కాయలు వాలు రేకు మీదుగా జారి పడుతుంటాయి. దారిలో ఒక కెమెరా ప్రతి కాయనీ ఫోటో తీస్తుంది. దాని కింద వరసగా సన్నని గాలి గొట్టాలు. తాలుకాయ గొట్టం ముందుకి వచ్చిన క్షణంలో టప్‌మని గాలి ఊది దాన్ని పక్క తొట్టిలోకి నెట్టాలి. కెమెరా దగ్గర్నుంచి గొట్టం దగ్గరికి రావడానికి కాయకి పట్టేది సెకనులో యాభయ్యో వంతు. ఆ లోపల నా ప్రోగ్రాము ఫోటో చూసి, రంగు తేల్చి, ఏ గొట్టం ఊదాలో చెప్పాలి. ఆలస్యమైందా, తాలు దర్జాగా మంచి కాయల్లోకి వెళ్ళిపోతుంది, దాని వెనక వస్తున్న ఎర్రటి కాయకి గాలి దెబ్బ తగులుతుంది. అల్లరి చేసినవాడు పారిపోయాక పక్కనున్నవాడిని బాదే పంతుళ్ళ దగ్గర చదువుకున్నాను కాబట్టి, ఆ ఎర్రకాయ బాధ నాకు తెలుసు.

గొడవ వచ్చింది ఏ భాషలో రాయాలన్న దాని మీద. మా సారు పాతికేళ్ళ నుంచి రాస్తున్న పాత భాష ఒకటుంది. అందులో ప్రతి గిన్నె ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు కడగాలో మనమే చెప్పాలి. ఒకటి మర్చిపోతే వంటిల్లంతా కూలుతుంది. వేగం మాత్రం గొప్ప. నేను రాసేది కొత్త భాష. గిన్నెలు అదే తెచ్చుకుంటుంది, అదే కడుక్కుంటుంది, మనం వంట సంగతి చూసుకుంటే చాలు. అందులో రాసిన లెక్క చదువుతుంటే మనిషి మాట్లాడినట్టే ఉంటుంది. మా సారు దృష్టిలో అది సోమరిపోతుల భాష.

"ఇది హాజరు పట్టీ కాదమ్మా. కాయ గాల్లో ఉంటుంది. సుఖం చూసుకునే చోటు కాదు," అన్నారు ఆయన.

"సరిగ్గా రాస్తే నా భాష మీ భాషతో సమానంగా పరిగెత్తుతుంది సార్."

"తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటుంది ఈ పిల్ల!"

"మీ కుందేలుకి ఎన్ని సార్?" అని నోరు జారాను. కోపం త్వరగా వస్తుందని చెప్పాను కదా.

ఆయన నవ్వలేదు. "సరే, రాయి. ట్రయల్ రోజున తాలు పట్టుకోలేకపోతే మొత్తం నేనే పాత భాషలో తిరగరాస్తాను. నువ్వు బడిపిల్లల హాజరు సాఫ్ట్‌వేర్ చూసుకుందువుగాని."

ఆ హాజరు సాఫ్ట్‌వేర్ గురించి ఒక మాట చెప్పాలి. మా ఆఫీసులో చేరిన ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు దాన్ని చూసుకున్నవాళ్ళే, చూసుకుని బాగుపడినవాళ్ళు లేరు. పొద్దున తొమ్మిది కొట్టగానే ప్రిన్సిపాళ్ళు ఫోన్ చేసి, బడికి రాని పిల్లాడు వచ్చినట్టు ఎలా పడిందో చెప్పమని అరుస్తారు. నాకు ఆ మిషనంటే ప్రాణం. అంత చిన్న క్షణంలో పట్టేట్టు ఒక పని రాయడం నా జన్మలో అదే మొదటిసారి. దాన్ని ఇంకొకరి చేతుల్లో పెట్టి ప్రిన్సిపాళ్ళ దగ్గరికి పోవాలంటే నా గుండె ఒప్పుకోలేదు. సరేనన్నాను.

మిషన్‌ని చిలకలూరిపేట రోడ్డులో ఒక మిర్చి గోడౌన్‌లో బిగించారు. పెద్ద రేకుల షెడ్డు. నలభై మంది ఆడవాళ్ళు వరసల్లో కూర్చుని కాయల తొడిమలు తీస్తుంటారు, ఇంకో పదిమంది తాలు ఏరుతుంటారు. అందరికీ పైన ఒక మేస్త్రమ్మ. అరవై దగ్గర పడ్డ మనిషి, తెల్ల చీర, మెడలో చిన్న సిలువ. పని చేస్తూ చర్చి పాటలు సన్నగా పాడుకునేది. పాట ఆగిందంటే ఎవరికో తిట్లు మొదలవుతున్నాయని గుర్తు.

మొదటిరోజు నేను షెడ్డులో కాలు పెట్టి పదిహేడు సార్లు తుమ్మాను. మేస్త్రమ్మ లెక్కపెట్టింది.

"మీదే ఊరమ్మాయ్?" అంది.

"పర్చూరు పక్కన."

"మిరపా, పొగాకా?"

"రెండూ వేసేవాళ్ళం."

"అయితే ఈ తుమ్ములేంటి? కాయ ఎరగవా ఏంటి?"

నాకు రోషం వచ్చింది. "ఎరక్కపోవడమేంటండీ! మా నాన్న టిక్కీలు తొక్కుతుంటే మూతి సర్దింది నేనే," అన్నాను గర్వంగా.

మూతి సర్దడమంటే, నిగనిగలాడే ఎర్రకాయల్ని ఏరి బస్తా మూతి దగ్గర పేర్చడం. విప్పగానే కొనేవాడి కంట అవే పడాలి. అది మోసం కాదని మా నాన్న అనేవాడు. పెళ్ళిచూపులకి పిల్లకి పూలు పెట్టమా, అట్లాగే. ఎనిమిదేళ్ళ వయసులో ఆ పనిలో నన్ను మించినవాళ్ళు మా వీధిలో లేరు.

మేస్త్రమ్మ నా గర్వాన్ని పట్టించుకోలేదు. "ఇది తిరగడం మొదలుపెడితే మా వాళ్ళు ఎంతమంది ఇంటికి పోవాలి?" అని అడిగింది.

ఆ లెక్క నేనెప్పుడూ వేసుకోలేదు. తెలియనిది అడిగితే నాకు కోపం వస్తుంది, అది కూడా రాలేదు. ఆ రోజే గోడౌన్ యజమానిని పట్టుకుని అడిగాను. ఆయన విసుక్కున్నాడు గాని, తొడిమ తీయడానికి మనుషులు ఎప్పుడూ తక్కువేనని, ఏరే పదిమందినీ అటు కూర్చోబెడతానని అన్నాడు. ఆ మాట తెచ్చి మేస్త్రమ్మకి చెప్పాను. ఆమె "ఈ సీజనుకి సరే," అంది. తర్వాతి సీజను సంగతి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఇక ప్రోగ్రాము. మొదటి వారమంతా అది బ్రహ్మాండంగా పని చేసి, ఉన్నట్టుండి అర సెకను కొయ్యబారిపోయేది. మళ్ళీ నడిచేది, మళ్ళీ కొయ్యబారేది. ఆ అర సెకనులో తాలు ఊరేగింపుగా వెళ్ళిపోయేది. నేను కంప్యూటరు ముందు కూర్చుని జుట్టు పీక్కుంటుంటే మేస్త్రమ్మ వచ్చి వెనక నిలబడింది.

"ఊపిరాగిపోతోందేంటి దీనికి?"

నాకు తెలిసిన కారణం చెప్పాను. ప్రతి కాయకీ నా ప్రోగ్రాము కొత్తగా ఒక చోటు తీసుకుంటోంది, దాంట్లో ఆ కాయ ఫోటో, రంగు పెట్టుకుంటోంది. కాయ వెళ్ళిపోగానే ఆ చోటు చెత్త. చెత్త పేరుకున్నాక భాష అన్ని పనులూ ఆపేసి ఊడుస్తోంది.

"కాయకో గంపా?" అంది ఆమె.

"అంతే అనుకోండి."

"మా వాళ్ళలో ఎవతన్నా కాయకో గంప తెచ్చుకుని కూర్చుంటే ఏమంటానో తెలుసా?"

"ఏమంటారు?"

అంది. ఆదివారం కాదు గనక అంది. నేనిక్కడ రాయను.

ఆమె వెళ్ళాక చుట్టూ చూశాను. ప్రతి మనిషి ముందూ ఒకటే గంప. నిండితే గుమ్మరించడం, మళ్ళీ అదే గంప. పొద్దున తెచ్చుకున్నది సాయంత్రందాకా మారదు. ఊడవడం అంతా పని దిగాకే. రెండు వారాలు కూర్చుని నా కోడంతా ఆ పద్ధతిలోకి మార్చాను. మొదలుపెట్టేటప్పుడే కావలసిన గంపలన్నీ తెచ్చుకోవడం, ఆ తర్వాత ఒక్కటి కూడా కొత్తది అడక్కపోవడం. కాయ వస్తుంది, పాత కాయ ఉన్న చోటే కూర్చుంటుంది. ఊడవడానికి చెత్తే లేకపోతే భాష ఎందుకాగుతుంది? కొయ్యబారడం పోయింది. కొలిచి చూస్తే నా భాష మా సారు భాష పక్కనే పరిగెత్తుతోంది. ఆ సాయంత్రం బస్సులో సీటు లేకపోయినా మంగళగిరి దాకా నవ్వుకుంటూ వచ్చాను.

కొలవడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నా కొంప ముంచింది అదే. నా భాషకి ఒక గుణం ఉంది. ఏ పనైనా మొదటిసారి చెప్పినప్పుడు, దాన్ని కంప్యూటరుకి అర్థమయ్యే మాటల్లోకి అప్పటికప్పుడు మార్చుకుంటుంది. ఆ మార్చుకోవడానికి కొన్ని సెకన్లు పడతాయి. రెండోసారి నుంచి రెప్పపాటే. అందుకని వేగం కొలిచేటప్పుడు మొదటి కొలతని పారేసి, మిగతావాటినే లెక్కలోకి తీసుకోవడం మా వాళ్ళ ఆచారం. అందరూ అట్లాగే చేస్తారు. నేనూ పారేశాను. మరి నిజం మిషన్ మీద ఆ మొదటి సెకన్లలో ఏం జరుగుతోందని అడుగుతారేమో. నేనూ చూశాను. టిక్కీ విప్పి మిషన్ నోట్లో గుమ్మరించి, మంచి కాయలు పడే చోట మొదటి గంప పట్టి వెతికితే, అందులో తాలు లేదు. ఎన్ని టిక్కీలు పోసినా లేదు. సరే, ఆ మాత్రం ఆలస్యాన్ని మిషన్ తట్టుకుంటోంది కాబోలు అనుకున్నాను. మూతి సర్దిన చేతులు నావి. అయినా అనుకున్నాను.

ట్రయల్ రోజున మా సారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. గోడౌన్ యజమాని, ఆయనతో పాటు సరుకు కొనే పార్టీ వచ్చారు. ఆ కొనే పెద్దమనిషి నలభై ఏళ్ళ నుంచి మిర్చి తప్ప ఇంకోటి కొనలేదట. మిషన్‌ని ఆయన చూసిన చూపులో ఏ మర్యాదా లేదు. నేను ప్రోగ్రాము మొదలుపెట్టాను. ఇద్దరు మనుషులు టిక్కీ ఎత్తి, మూతి కుట్టు విప్పబోయారు.

"మూతి కాదు. తిరగెయ్యండి. అడుగు కొయ్యండి," అన్నాడు ఆ పెద్దమనిషి.

తిరగేశారు. అడుగు కోశారు.

అప్పుడైనా నాకు అర్థమైందా అంటే, లేదు. కాయలు జారాయి. తాలు, దాని వెనక తాలు, దాని వెనక ఇంకో తాలు. ఒక్క గొట్టమూ ఊదలేదు. కాసేపటికి ఊదింది, అదీ ఎర్రకాయని. పది పన్నెండు సెకన్లు గడిచాక మిషన్ తెప్పరిల్లి, అక్కణ్ణించి ఒక్క తాలు కూడా వదలకుండా పట్టింది. ఏం లాభం, అది చూసేవాడెవడు? కొనేవాళ్ళందరూ చూసేది మొదటి గంపే. ఆ గంప పెద్దమనిషి ఒళ్ళో ఉంది. తెల్లకాయల్ని ఒక్కొక్కటే తీసి పక్కన పేర్చి, లేచి, చేతులు దులుపుకుని, "ఈ ఆడాళ్ళే నయం," అన్నాడు.

నేను వోల్టేజీని తిట్టాను. గాలి పంపే కంప్రెసరుని తిట్టాను. దుమ్ముని తిట్టాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చివరికి అడుగు కోసిన కత్తిని కూడా తిట్టాను. మా సారు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "సోమవారం నుంచి హాజరు చూడమ్మా," అని మెల్లగా అన్నారు.

మధ్యాహ్నం అన్నాలప్పుడు మేస్త్రమ్మ తన గిన్నె తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. గోంగూర పచ్చడి కాస్త నా క్యారేజీ మూతలో వేసింది.

"కొనేవాడు అడుగే చూస్తాడమ్మాయ్. నువ్వు మూతి చూసి మురిసిపోయావు," అంది.

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ మేం మూతి వైపు నుంచే పోశాం. మొదట పడేవి మూతి సర్దిన కాయలు, అన్నీ ఎర్రవే. నా ప్రోగ్రాము ఇంకా పాఠం నేర్చుకుంటూ గుడ్డిగా ఉన్న ఆ పది సెకన్లలో, దాని ముందు నుంచి వెళ్ళినవన్నీ మంచి కాయలే. ఏరాల్సింది లేకపోతే ఏరకపోయినా తెలియదు కదా. మొదటి కొలత పారేసే మా ఆచారం, మూతి సర్దే రైతుల ఆచారం, రెండూ చేతులు కలిపి నన్ను ముంచాయి. ఇందులో రెండో ఆచారం ఎనిమిదేళ్ళప్పుడే నాకు కంఠతా వచ్చు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

పరిగెత్తుకుంటూ వెళ్ళి మా సారుకి అంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "శనివారం దాకా టైమిస్తాను. అదే పార్టీ, అదే అడుగు," అన్నారు.

మిషన్ మొదట కాసేపు గుడ్డిగా ఉంటుందని చెప్పగానే మేస్త్రమ్మకి ఉపాయం తట్టింది. "బోరింగు పంపు నీళ్ళెత్తకపోతే ముందు చెంబుడు నీళ్ళు పోస్తాం కదా. దీనికీ ఓ గంపెడు తాలు పొయ్యి. నోరు తడుస్తుంది."

"ఇది పంపు కాదండీ," అన్నాను. నేను అంతకన్నా అందమైన దారి కనిపెట్టాను. ముందే తీసి దాచుకున్న కాయల ఫోటోలు కొన్ని ఉన్నాయి. మిషన్ వెయ్యగానే, కాయలు వదలక ముందే, ఆ ఫోటోల్ని చూపించి నా ప్రోగ్రాము చేత రిహార్సలు చేయిస్తాను. మార్చుకోవాల్సిన మాటలన్నీ అప్పుడే మార్చుకుంటుంది. నిజం కాయ వచ్చేసరికి సిద్ధంగా ఉంటుంది. ఉత్తుత్తి కాయలకి నిజం గాలి దండగ కాబట్టి, రిహార్సలులో గాలి గొట్టాల్ని ఆపేశాను. "గంపా గింపా ఏమీ అక్కర్లేదు," అని ఆమెకి గట్టిగా చెప్పి మంగళగిరి వచ్చేశాను. ఆ వారం షెడ్డులో సరుకు లారీలకెక్కుతోందని మమ్మల్ని మిషన్ దగ్గరికి రానివ్వలేదు. ఆఫీసులోనే ఫోటోలతో నూరుసార్లు పరీక్షించాను. నూరుసార్లూ నెగ్గాను. ఆఫీసులో గాలీ లేదు, గొట్టాలూ లేవు. ఆ సంగతి నాకు తట్టలేదు.

శనివారం అందరికన్నా ముందు షెడ్డుకి చేరి ప్రోగ్రాము వేశాను. రిహార్సలు అయింది. పచ్చలైటు వెలిగింది. ఆ సంతోషంలో చెమట తుడుచుకోబోయి, మిరపకాయలు ముట్టుకున్న చేత్తో రెండు కళ్ళూ రుద్దుకున్నాను. మిరప చేలలో పుట్టిన మనిషి చేయాల్సిన పని కాదు. కుళాయి దగ్గర పావుగంట సేపు కళ్ళు కడుగుతూనే ఉన్నాను.

తిరిగొచ్చేసరికి అందరూ వచ్చేశారు. నా కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, ముక్కు కారుతోంది. మా సారు నన్ను చూసి కరిగిపోయారు. పక్కకి పిలిచి, "ఏడవకమ్మా. హాజరు సాఫ్ట్‌వేర్ కూడా మంచిదే," అన్నారు. నా జీవితంలో నన్ను అంతకన్నా ఎక్కువ భయపెట్టిన ఓదార్పు లేదు.

టిక్కీ తిరగేశారు. అడుగు కోశారు. కాయలు జారాయి.

టప్. టప్ టప్. మొదటి తాలు పక్కకి ఎగిరింది. రెండోది ఎగిరింది. ఒక్కటీ తప్పలేదు. పెద్దమనిషి మొదటి గంప ఒళ్ళో పెట్టుకుని అడుగుదాకా కెలికాడు. రెండో గంప తెమ్మన్నాడు, అదీ కెలికాడు. లేచి, మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి, ఈసారి దానికేసి కాస్త మర్యాదగా చూశాడు. మా సారు నా దగ్గరికి వచ్చి, "నీ కుందేలుకి నాలుగు కాళ్ళూ ఉన్నాయమ్మా," అన్నారు. పాతికేళ్ళ పాత భాష మనిషి చేత ఆ మాట అనిపించానని, ఎర్రటి కళ్ళతోనే నిజంగా ఏడ్చాను.

వాళ్ళు వెళ్ళిపోయాక ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోవడం నా వల్ల కాదు. మేస్త్రమ్మ దగ్గరికి వెళ్ళి, "చూశారా? గంప లేకుండానే!" అన్నాను.

పక్కనున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఏంటండీ?"

"పోశాను," అంది మేస్త్రమ్మ.

"ఏం పోశారు?"

"నువ్వు కళ్ళు కడుక్కుంటున్నప్పుడు. ఓ గంపెడు తాలు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నా కోడ్ నెగ్గిందనీ, ఆమె గంప వల్ల ఒరిగిందేమీ లేదనీ షెడ్డు దద్దరిల్లేట్టు చెప్పాను. రుజువు చేస్తానన్నాను. మిషన్ ఆపేసి మళ్ళీ వేశాను. రిహార్సలు అయింది, పచ్చలైటు వెలిగింది. "ఇప్పుడు పోయించండి. అడుగు నుంచే!" అన్నాను. నలభై మందీ తొడిమలు తీయడం మానేసి చూస్తున్నారు.

మొదటి తాలు జారి, కెమెరా ముందు నుంచి, గొట్టం ముందు నుంచి, సుఖంగా వెళ్ళి మంచి కాయల్లో కూర్చుంది. రెండోదీ అంతే. మూడోది కూడా పోయాక టప్‌మని గాలొచ్చి, ఏ పాపం ఎరగని ఒక ఎర్రకాయని ఎగరగొట్టింది. షెడ్డు మొత్తం గొల్లుమంది.

రిహార్సలులో గాలి ఆపేశాను కదా. చూడ్డం, రంగు తేల్చడం అన్నీ నేర్చుకుంది, ఊదడం ఒక్కటే నేర్చుకోలేదు. ఊదమని నిజంగా చెప్పిన మొదటిసారి, ఆ మాట మార్చుకుంటూ కూర్చుంది. పొద్దున ఆ మొదటిసారి మేస్త్రమ్మ గంపలో ఖర్చయిపోయింది. ట్రయల్ నెగ్గింది నేను కాదు.

దాన్ని సరిచెయ్యడం పదిహేను నిమిషాల పని. రిహార్సలులో గాలి కూడా వదలడం, అంతే. మళ్ళీ వేసి, గంప లేకుండా, అడుగు నుంచి పోయించి మూడుసార్లు చూశాను. ఈసారి నిజంగానే ఒక్కటీ తప్పలేదు. ఆడవాళ్ళు మళ్ళీ తొడిమల్లో పడ్డారు. నేను వెళ్ళి మేస్త్రమ్మ పక్కన కింద కూర్చున్నాను.

"వద్దన్నాను కదా, ఎందుకు పోశారు?" అని అడిగాను. కోపంగా కాదు.

ఆమె తొడిమ తీస్తూనే చెప్పింది. "నువ్వు ఓడిపోతే నీ బదులు మీ సారు వస్తాడు. ఆయన ఈ షెడ్డుకి నాలుగుసార్లు వచ్చాడు. ఒక్కసారి కూడా నన్ను ఏమీ అడగలేదు. నువ్వు అరుస్తావు గాని అడుగుతావు. మా పదిమంది సంగతి అడిగింది నువ్వేగా?"

ఆమె గంపలోంచి నాలుగు కాయలు తీసుకుని నేనూ తొడిమలు తీశాను. సరిగ్గా తీయడం లేదని ఆమె రెండుసార్లు తిట్టింది.

ఈ గంప సంగతి మా సారుకి ఆ రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. కోపం వచ్చినంత త్వరగా నాకు నిజం రాదు. మిషన్ ఎలా నడపాలో ఒక కాగితం మీద రాసి దాని పక్కన అంటించే పని నాకే పడింది. అందులో మొదటి లైను ఇట్లా రాశాను: ముందు ఒక గంపెడు తాలు పోయాలి.

తర్వాతి సీజను మొదట్లో మా సారు షెడ్డుకి వచ్చి, కళ్ళజోడు పైకెత్తి ఆ కాగితం చదివారు. "ఇదెందుకమ్మా? రిహార్సలు కోడ్‌లోనే ఉందిగా?"

ఇక దాచలేకపోయాను. కళ్ళు రుద్దుకోవడం దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఆ రోజు నెగ్గింది నేను కాదన్న దాకా మొత్తం చెప్పేశాను. హాజరు సాఫ్ట్‌వేర్ నా కళ్ళ ముందు కనపడింది. ఆయన అంతా విని, "నా పాత భాషలో అయితే ఈ గంప అవసరమే ఉండేది కాదు," అన్నారు.

"నిజమే సార్. మేస్త్రమ్మతో కూడా అవసరం ఉండేది కాదు," అన్నాను.

ఆయన తల తిప్పి వరసల వైపు చూశారు. ఆమె పాడుకుంటూ తన పని తను చేసుకుంటోంది. ఆయన మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి ఆమె ముందు నిలబడి, నమస్కారం పెట్టి, ఈ ఏడు కాయ ఎట్లా ఉందని అడిగారు. తిరిగొచ్చాక, ఆ కాగితం చిరిగిపోకుండా దాని మీద ప్లాస్టిక్ కవరు అంటించమని నాతో చెప్పారు.